నీలం చొక్కా

ఇంటి ముందుగదిలో ఫ్రేములు కట్టే ఆయన చొక్కాలన్నీ వార్నిష్ మరకలతో గోధుమరంగుకి తిరిగిపోయాయి. రంగుసుద్దలతో వేసిన పాస్టెల్ బొమ్మ తెచ్చిన ప్రతివాళ్ళకీ ఆయనది ఒకటే పాట: "వేలు తగలనివ్వకండి బాబూ, అది వట్టి పొడి. పోతే మళ్ళీ రాదు." ఈరోజు భార్య వేసిన పాస్టెల్ బొమ్మే బల్లమీదికొచ్చింది. ఖాళీ కుర్చీ, దాని వీపుకి తగిలించిన నీలం చొక్కా. మడత మడతలోనూ ప్రాణం పెట్టి వేసింది. ఆవిడకి బొమ్మలు నేర్పే మాస్టారు నీలం తప్ప వేసుకోడు. ఈయన బొటనవేలితో ఆ చొక్కాని బరబరా రుద్దేసి, అప్పుడు అడిగాడు. "ఎవరిదే ఈ చొక్కా?"

లోపలినుంచి నవ్వు వినిపించింది. "మీదేనండీ! ఈ కొట్టు పెట్టకముందు రోజూ అదే వేసుకునేవారుగా. ఆ మనిషి మళ్ళీ వచ్చి కూర్చుంటే బాగుండునని వేశాను. ఉండండి, నేనూ చూస్తా."

అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే, ఆయన నీలం బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాడు.