మా ఇంటి వీణ టీచరుకు సీఐడీపీ వస్తే, రెండు వాటాల సీపీపీ కట్టిన కథ

ఆ శనివారం మా ఆవిడ సుగుణ పిల్లలకు వీణ పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయింది. మెట్ల మీదుగా నన్ను పిలిచి, "ఏమండీ, వేలి కింద తీగ తగులుతున్నట్టే లేదు" అంది.

కెనడాలో హాలిఫాక్స్ చలికాలం, పైగా బేస్‌మెంట్. హీటర్ పెంచమనడానికి ఇంత రాగం ఎందుకని ఆటపట్టించి వేడి పెంచాను. తిమ్మిరి తగ్గలేదు. వారం తిరిగేసరికి నడుస్తుంటే కాలిచెప్పు జారిపోయినా తెలియలేదు. బస్సు మెట్టు ఎక్కబోయి కూలబడింది. అక్కణ్ణుంచి ఇంటికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను.

న్యూరాలజిస్ట్ సుత్తితో మోకాళ్ళ మీద తట్టి చూసింది. కాలు కదల్లేదు. "రిఫ్లెక్సెస్ లేవు" అని పక్కనున్న రెసిడెంట్ డాక్టర్‌తో అంది. నరాల్లో కరెంటు ఎలా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు, వెన్ను నుంచి నీరు తీసే లంబార్ పంక్చర్ చేశారు. చివరికి ఆవిడే మంచం పక్కన కూర్చుని చెప్పింది. "గియాన్-బారే సిండ్రోమ్ అనుకుంటున్నాం. శరీరం పొరబడి సొంత నరాల మీదే దాడి చేస్తోంది."

ఐవీఐజీ మొదలుపెట్టారు. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను సెలైన్‌లా ఎక్కిస్తారు. కొద్ది రోజుల్లోనే వేళ్ళు కదిలాయి. వాకర్ పట్టుకుని ఇంటికొచ్చింది. గండం గడిచిందని పరమాన్నం వండాను. అడుగంటింది. అయినా తింది.

రెండు నెలలు దాటాక కాఫీ కప్పు ఆమె చేతిలోంచి జారింది. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ అదే సుత్తి. "తిరగబెట్టింది కాబట్టి పేరు మారుతుంది. ఇది సీఐడీపీ. గియాన్-బారేలా ఒకసారి వచ్చి పోయేది కాదు, దీర్ఘకాలం ఉంటుంది. అదుపులో పెట్టగలం. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను" అంది డాక్టర్. సుగుణ ఒక్కటే అడిగింది, వీణ వాయించగలనా అని. "ఇప్పుడే చెప్పలేను" అందావిడ. అబద్ధం చెప్పనందుకు ఆవిడంటే నాకు గౌరవం. ఆ రోజు మాత్రం కోపమొచ్చింది.

ఆ తర్వాత గుండీలు పెట్టడం, అన్నం తినిపించడం, జడ వేయడం నా పనులయ్యాయి. మొదటి జడ అద్దంలో చూసుకుని, "ఇది జడా, పలుపుతాడా?" అంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేనామెను అంత దగ్గరగా చూసుకున్నది అప్పుడే. అలసట ఉండేది, విసుగూ ఉండేది. ఆమె తల నా భుజానికి ఆనిస్తే మాత్రం అదంతా పోయేది.

ఒక్కటే బెంగ. నేను యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. సెలవులన్నీ అయిపోయాయి. సగం రోజులు పనిచేస్తే ఆమెను చూసుకోగలను, కానీ ఇల్లు గడవదు. పూర్తిగా వెళ్తే ఇల్లు గడుస్తుంది, మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేని మనిషి రోజంతా ఒంటరిగా ఉంటుంది. మా అమ్మాయి టొరంటోలోని ఎటోబికోలో ఉద్యోగం చేసుకుంటోంది. దాన్ని మానేసి రమ్మనడానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

అప్పుడు పద్మజ గారు పప్పుచారు క్యారియర్‌తో వచ్చారు. వాళ్ళమ్మాయి సుగుణ శిష్యురాలు. ఆవిడ వరంగల్ మనిషి, ఇక్కడ అకౌంటెంట్.

"అన్నా, అక్కకు సీపీపీ డిసెబిలిటీ బెనిఫిట్‌కు అప్లై చేసిన్రా?"

"ఉద్యోగం చేసినవాళ్ళు కట్టుకునే పెన్షన్ ప్లాన్ కదండీ అది. ఈవిడెప్పుడూ ఉద్యోగం చేయలేదుగా."

"మరి శనివారం పొద్దుగాల నుంచి మాపటిదాంక కింద చేసేదేంది?"

"అది దక్షిణమ్మా, జీతం కాదు" అంది సుగుణ మంచం మీది నుంచే.

మా ఇంట్లో పద్ధతి ఇది. నెల మొదటి శనివారం ప్రతి పిల్లా పళ్ళెంలో రెండు అరటిపళ్ళు, ఒక కవరు పెట్టి వీణ ముందు ఉంచి దణ్ణం పెట్టేది. ఎంత అని సుగుణ ఎవరినీ అడగదు, కవరు విప్పదు. అరటిపళ్ళు తిరిగి పిల్లలకే పంచేది. కవర్లు బ్యాంకులో వేసేది నేను. ఏటా పన్ను రిటర్న్ వేసేటప్పుడు నీ ఆదాయం ఎంతని అడిగితే, "విద్యను ఆదాయం అంటారా?" అని కసిరేది. అక్కడ సున్నా పడేది.

పద్మజ గారు నవ్వలేదు. "దక్షిణైనా నెలనెలా వస్తే టాక్స్ వాళ్ళ లెక్కల అది సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంటే అక్కా. కొలువు చేసేటోళ్ళకు సీపీపీ సగం కంపెనీ కడ్తది, సగం జీతంలకెల్లి పోతది. నీకు కంపెనీ లేదు గద, రెండు వాటాలూ నువ్వే కట్టాలె. రిటర్న్‌తోనే షెడ్యూల్ ఎయిట్ అని ఉంటది, దాంట్ల లెక్క తేలుతది."

"అంటే నా దగ్గర నేనే జీతానికి కుదిరానా?"

"అంతే అక్కా. ఓనరూ నువ్వే, వర్కరూ నువ్వే."

"ఆ ఓనరమ్మ సిక్ లీవ్ ఇవ్వదేం మరి!" అంది సుగుణ. జబ్బు తిరగబెట్టాక ఆమె నవ్వడం అదే మొదలు.

బెనిఫిట్ రావాలంటే చివరి ఆరేళ్ళలో నాలుగేళ్ళయినా సీపీపీ కట్టి ఉండాలట. మరీ పాత రిటర్నులకు గడువు దాటిపోయింది. ఈమధ్యవి ఇంకా సరిచేయవచ్చు, రెండు వాటాలూ, పన్నూ, వడ్డీతో సహా కట్టాలి. నేను సరేనన్నాను. సుగుణ ఒప్పుకోలేదు. విద్య అమ్ముకోనని చిన్నప్పుడు తన గురువుగారికి మాటిచ్చిందట.

నాకు ఒళ్ళు మండింది. "మీ గురువుగారు విద్య అమ్ముకోవద్దన్నారు. చేసిన పని దాచమనలేదు" అన్నాను. ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు, నేనే తుడిచాను. "మీరు పొద్దున్నే వెళ్ళిపోతే ఈ గదిలో ఒక్కదాన్నీ ఎలా ఉండాలో తెలియట్లేదండీ" అంది. అందుకే కదా ఈ తాపత్రయమంతా అన్నాను. కాసేపటికి, "సరే, రాయండి" అంది.

బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి పద్మజ గారు ఆ ఏళ్ళ రిటర్నులన్నీ సరిచేశారు. వీణ తీగలకూ, బేస్‌మెంట్ వాడకానికీ అయిన ఖర్చు నిజంగా ఎంతో అంతే చూపించారు. ఇండియా ప్రయాణానికి దాచుకున్నది కాస్తా కరిగిపోయింది. తీరా అప్లై చేస్తే మొదటి జవాబు, అర్హత లేదని. కొత్తగా కట్టినవి అప్పటికి రికార్డుకెక్కలేదు. నీరుగారిపోయాను. "మళ్ళొకసారి చూడుమని రికన్సిడరేషన్ అడుగుదాం అన్నా, గింతకే గాబరైతరా" అన్నారావిడ. న్యూరాలజిస్ట్ మరో రిపోర్టు రాసిచ్చింది. సుగుణ వృత్తి దగ్గర 'వీణ టీచర్' అని రాసి, ఈ చేతులతో ఇప్పట్లో ఆ పనే కాదు, ఏ ఉద్యోగమూ చేయలేరని స్పష్టంగా చెప్పింది.

ఈలోగా మేం కట్టినవీ రికార్డుకెక్కాయి, రెండోసారి అంగీకరించారు. ఉత్తరం చదివి వినిపించాక, ఎంత వస్తుందని సుగుణ అడగలేదు. "అయితే ఇన్నేళ్ళూ నేను పనిచేసినట్టే రాసుకున్నారా?" అంది. అవునన్నాను. వెంటనే అమ్మాయికి ఫోన్ కలపమంది. "మీ అమ్మ కూడా ఉద్యోగం చేసిందటే!" అంది గొప్పగా.

"ఆఫ్ కోర్స్ అమ్మా. యూ ఆల్వేస్ వర్క్‌డ్" అంది అటునుంచి అమ్మాయి.

ఆ మాట ముందుగా అనాల్సింది నేను.

ఇప్పుడు నేను సగం రోజులే పనికి వెళ్తున్నాను. కొన్ని వారాలకోసారి ఐవీఐజీకి వెళ్తాం. మధ్యలో మంచి వారాలుంటాయి, చెడ్డవీ ఉంటాయి. చెంచా తానే పట్టుకుంటోంది. వీణ వేళ్ళకింకా అందలేదు. ఇద్దరు పిల్లలు వస్తారు, సుగుణ పాడుతుంది, వాళ్ళు వాయిస్తారు, తప్పితే కూర్చున్న చోటి నుంచే అదిలిస్తుంది. ఆ కొద్ది రాబడినీ బెనిఫిట్ వాళ్ళకు చెబుతున్నాం, రిటర్న్‌లో వేస్తున్నాం.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట. మీ ఇంట్లోనూ పచ్చళ్ళు పట్టి ఇచ్చేవాళ్ళో, పిల్లల్ని చూసుకునేవాళ్ళో, పాటలు నేర్పేవాళ్ళో ఉంటారు. ఈ ఏడు రిటర్న్ వేసేముందు వాళ్ళ పక్కన కూర్చుని, నువ్వు చేసేది పనే కదా అని అడగండి. కాదంటారు. అయినా ఆ సంపాదన వాళ్ళ పేరునే రాయండి, రెండు వాటాలూ కట్టండి.