చెమటమ్మ

ఆసుపత్రిలో అందరూ ఆమెను చెమటమ్మ అంటారు. పసిపిల్లల చేతికి చెమట పట్టించి, అందులో ఉప్పెంతో తేల్చడం ఆమె పని. కణం పొరలో ఉప్పును దాటించే ప్రోటీన్ ఒకటుంటుంది. దాని జన్యువు చెడితే చెమటలో ఉప్పు ఎక్కువవుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం జిగురుగా మారుతుంది. ఆమె ఎప్పుడూ ముందు తన అరచేతులు రుద్దుకుని, అవి వెచ్చబడ్డాకే బిడ్డను ముట్టుకుంటుంది. ఈ ఉదయం వచ్చిన బిడ్డ ఒళ్లు చల్లగా తగిలింది.

"ఇప్పుడే నీళ్లు పోశావా తల్లీ?"

"ముద్దు పెడితే ఉప్పగా ఉంటున్నాడండీ. రుద్ది రుద్ది కడిగాను. నా పాలే ఉప్పనంటోంది మా అత్తయ్య."

"ఆవిడ నోటికి మన దగ్గర పరీక్ష లేదులే. ఇది కడిగితే పోయేదీ కాదు, నీ పాలతో వచ్చిందీ కాదు."

బిడ్డకు దుప్పటి చుట్టి, చెమట పట్టేదాకా ఒళ్లో పెట్టుకుని, ఆ చెమటను పరీక్షకు తీసింది. మధ్యాహ్నానికి డాక్టరు ఖాయం చేసిన ఫలితాన్ని తల్లికి గొంతు తగ్గించకుండా చెప్పింది. "జబ్బు ఉందమ్మా. తొందరగా దొరికింది. మందులు ఇవాళే మొదలుపెడతారు."

తల్లి తలవంచుకుంది. చెమటమ్మ తలుపు తీసి, బయట కూర్చున్న అత్తగారిని పిలిచింది.

"ఇలా రండమ్మా. ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు. సగం మీ ఇంటిదే."

అత్తగారు లోపలికి వచ్చి కోడలి పక్కన కూర్చుని, బిడ్డ కోసం చేతులు చాచింది.