తాతయ్య కాళ్లకు దణ్ణం

నా చిన్నప్పుడు మా ఇంట్లో షుగర్ అనే మాట గట్టిగా పలికేవాళ్లం కాదు. మా తాతయ్యకు ఆ జబ్బు ఉందని వీధిలో తెలియకూడదు. అప్పటికే మేడ, తోటలు, పొలాలు చాలావరకు చేతులు మారాయి. నరసాపురం దగ్గర మా ఊళ్లోనే చిన్న పెంకుటింట్లో ఉండేవాళ్లం. అయినా తాతయ్య ఇస్త్రీ పంచె కట్టనిదే గుమ్మం దిగేవారు కాదు. పోయింది ఆస్తే గాని మనం కాదు అనేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది.

మా మామ్మ భయం వేరు. మొగల్తూరులో ఉండే ఆవిడ అన్నగారికి కాలివేళ్ల మధ్య చిన్న పుండు లేచింది. షుగర్ వల్ల ఆయనకు నొప్పి తెలియలేదు, ఎవరూ చూడలేదు. చివరికి మోకాలి దాకా కాలు తీసేశారు. అందుకే తాతయ్య పాదాలు రోజూ ఎవరో ఒకరు చూడాలని నరసాపురం డాక్టరు గారు చెప్పగానే, ఆవిడ ఆ సాయంత్రమే చూడబోయింది. తాతయ్య కాళ్లు పంచెలోకి లాక్కున్నారు. తనే చూసుకుంటానన్నారు. వంగితే అరికాలు అందదు, కళ్లజోడు పెట్టినా మసక. ఆయన ఏం చూసుకుంటారు?

మామ్మ వాదించలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి, పరీక్షలు వస్తున్నాయి కాబట్టి రోజూ తాతయ్య కాళ్లకు దణ్ణం పెట్టి బడికి వెళ్లమంది. ఊరికే తాకి రాకూడదు. ఆయన పడకకుర్చీ పొడుగాటి చేతుల మీద కాళ్లు చాపుకుని పేపరు చదివే వేళకు వెళ్లి, రెండు చేతులతో మడమ నుంచి వేళ్ల దాకా తడమాలి. వేళ్ల సందులు చూడాలి. ఎరుపు గాని, పుండు గాని కనిపిస్తే తన చెవిలో చెప్పాలి. దణ్ణం పెట్టే మనవరాలిని ఏ తాతా వద్దనడని ఆవిడకు తెలుసు.

ఒకనాడు నా వేళ్లకు తడి తగిలింది. చూస్తే నెత్తురు. ఎడమ మడమలో ఏదో లోతుగా దిగిన గాయం. నేను మడమ వదలకుండా చూస్తుంటే పేపరు వెనక నుంచి తాతయ్య పలికారు.

“ఏంటమ్మా, ఇవాళ దణ్ణం ఇంతసేపు?”

“లెక్కల పరీక్షండి, తాతయ్యా.”

“లెక్కలకైతే ఇంకాసేపు పెట్టుకో. మన వంశంలో ఎవరికీ రాలేదు. వచ్చుంటే మేడ మిగిలేది.”

మామ్మ చెవిలో చెప్పాను. ఆవిడ ఆయన కాలి జోలికి వెళ్లలేదు. అరుగు మీది చెప్పులు తిరగేసి చూసి, ఎడమ చెప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“చెప్పుకు మేకు లేచిందండి. మీకు గుచ్చుకోలేదూ?”

మేకు చుట్టూ నెత్తురు ఎండిపోయి ఉంది. దాని మీద ఆయన పొద్దున్నే కాలువ గట్టు దాకా నడిచి వచ్చారు. చెప్పు చేతిలోకి తీసుకుని మేకు మీద వేలు పెట్టి చూశారు. ఆయన ముఖంలో భయం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత పేపరు మడిచి, “నరసాపురం బస్సు ఎన్నింటికి?” అన్నారు.

గాయం మానడానికి చాలా రోజులు పట్టింది గాని కాలు దక్కింది. పరీక్షలు అయిపోయాక ఒక ఉదయం నేను దణ్ణం పెట్టకుండానే ఆటకు పరుగెత్తబోయాను.

“ఏంటమ్మా, పరీక్షలైపోతే పెద్దవాళ్లు అక్కర్లేదా?” అన్నారు తాతయ్య. నేను వెనక్కి వచ్చేసరికి అరికాళ్లు రెండూ కిటికీ వెలుతురు వైపు తిప్పి పెట్టారు. కళ్లు మాత్రం పేపరు మీదే. వంటింటి గుమ్మంలో మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఇప్పుడు నాకూ షుగర్ ఉంది. మాత్రలు తప్పను, నడక తప్పను. అయినా కాళ్లు తిమ్మిరెక్కినప్పుడల్లా ఆ చెప్పు గుర్తొస్తుంది. ఒకరి చేత కాళ్లు చూపించుకోవడం నాకూ చేతకాదు, ఆ రక్తమే కదా. మొన్న మా అమ్మాయి, పండగ కాదు, పుట్టినరోజు కాదు, ఆఫీసుకు వెళ్తూ నా కాళ్లకు దణ్ణం పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. పాదాలు కొంచెం వెలుతురు వైపు తిప్పి, పేపరు చదువుకున్నాను.