నలభై ఒక్క పేజీల జోస్యం

"ఏరా నోర్బర్ట్, నువ్వు జట్టు కడుతున్నావా, వృద్ధాశ్రమం నడుపుతున్నావా?"

లీగు పెట్టిన మొదటి ఏడు, మొదటి వేలంలో, నోర్బర్ట్ వరసగా నాలుగో ముసలి ఆటగాణ్ణి కొన్నప్పుడు డ్వేన్ అడిగిన ప్రశ్న ఇది. నోర్బర్ట్ నొచ్చుకోలేదు. టైపు చేసిన నలభై ఒక్క పేజీల కట్ట బల్లమీదికి తోసి, "అంతా అందులో ఉంది. ఈ ఏడాది కప్పు మనదే. అయిదు డాలర్లు పందెం" అన్నాడు. ఉన్నవి పది జట్లు. నోర్బర్ట్ ఏడోవాడుగా తేలాడు. మరుసటేడు మళ్ళీ కట్ట, మళ్ళీ పందెం, మళ్ళీ ఏడో స్థానం.

సాగినా ఊళ్ళో స్కూలు బస్సు నడిపి రిటైరైన నోర్బర్ట్ వోయ్‌చిక్‌కి తాగుడు లేదు, జూదం లేదు. ఉన్నది ఒకటే జబ్బు: రాబోయే సీజన్‌లో తన జట్టు ఎలా గెలవబోతోందో ముందుగా రాయడం. ఆ జట్టేమో కాగితం జట్టు. నిజం మైదానాల్లో బేస్‌బాల్ ఆడేవాళ్ళని ఉత్తుత్తి డాలర్లతో వేలంలో కొనుక్కుంటారు. వాళ్ళు అక్కడ కొట్టిన ప్రతి హోం రన్నూ ఇక్కడ కొన్నవాడి ఖాతాలో పడుతుంది. ఇంత మాత్రానికి ఒక మనిషి కొత్త సంవత్సరం నాటి ఎంగిలి పళ్ళేలు కడగ్గానే టైపు మిషను ముందు కూర్చుని మార్చిదాకా లేవడు.

ఆ రాతలో తర్కం కూడా అతనిదే. "బంతులు విసిరే ఈ పిచర్‌కి మోకాలి ఆపరేషన్ అయింది. కనుక ఇతనికి ఒక మోకాలు కొత్తది. మిగతా పిచర్లందరికీ రెండూ పాతవే." ఇంకోచోట: "ఇతనికి విడాకులయ్యాయి. ఇక బ్యాటు మీద తప్ప దేనిమీదా ధ్యాస ఉండదు." మిగతా తొమ్మిదిమందీ ఆ పేజీలు ఒకరికొకరు చదువుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాళ్ళు. నోర్బర్ట్ ఎవరిని పొగిడితే వాళ్ళ జోలికి పోకుండా జాగ్రత్తపడేవాళ్ళు కూడా.

పైగా పది నకళ్ళూ విడివిడిగా టైపు చేసేవాడు. స్కూలు ఆఫీసులో పనిచేసే మార్లిస్‌కి ఇది చూస్తే ఒళ్ళు మండేది.

"మా ఆఫీసులో కాపీ మిషను ఉంది కదా నోర్బర్ట్, పదినిమిషాల పని."

"మిషను చదవకుండా రాస్తుంది మార్లిస్. చదవకుండా రాసింది ఎవరు చదువుతారు?"

"చదివి రాసిందీ ఎవరూ చదవట్లేదుగా."

"వెర్న్ చదువుతాడు" అనేవాడు నోర్బర్ట్. మార్లిస్ మొగుడు వెర్న్ ప్లంబరు. అతని జట్టు పేరు కారే కుళాయిలు.

నిరుడు జూలైలో వెర్న్ పోయాడు. ఆలనాపాలనా లేని కుళాయిలు సీజన్ చివరికి పదో స్థానానికి కారిపోయాయి. లీగులో కట్టుబాటు ఒకటుంది: వరసగా రెండేళ్ళు పదో స్థానమైతే కుర్చీ వదులుకోవాలి. ఆ కుర్చీ కోసం డ్వేన్ బావమరిది రిక్ ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

"ఇప్పుడే వదిలేసినా ఎవరూ ఏమీ అనుకోరు మార్లిస్" అన్నాడు డ్వేన్, ఎంతో మెత్తగా. "రిక్ పాపం ఎదురుచూస్తున్నాడు."

"ఇంకో ఏడాది చూడమను. అలవాటేగా."

అనేసింది గానీ, బేస్‌బాల్ అంటే ఆమెకి తెలిసింది సోఫాలో వెర్న్ గురక ఒక్కటే. తెలియకపోతే నేర్చుకోవాలి. చేతిలో ఉన్న పుస్తకం నోర్బర్ట్ ఆ ఏడు పంపిన కట్ట. వంటింటి బల్లమీద పెట్టుకుని మూడు వారాలు చదివింది. పేర్ల కింద గీతలు గీసింది, ధరలు బట్టీపట్టింది.

మార్చి ఆఖరి శుక్రవారం, ఎప్పుడూ వేలం జరిగే బారు వెనకగదిలో వేయించిన చేపల వాసన మధ్య కూర్చుని, ఆ కట్ట చూసే పాట పాడింది. గది గదంతా ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"వరదలో కొట్టుకుపోయేవాణ్ణి దారి అడుగుతోంది" అన్నాడు డ్వేన్, ఆమెకి వినపడేంత గట్టిగానే.

మార్లిస్ తల ఎత్తలేదు. "పన్నెండు డాలర్లు" అంది. కుర్రాడొకడు కారే కుళాయిల్లో చేరాడు.

సీజన్ ముగిసేసరికి కుళాయిలు మూడో స్థానంలో ఉన్నాయి. నోర్బర్ట్ ఎప్పటిలాగే ఏడో స్థానంలో. అక్టోబరులో అదే వెనకగదిలో ముగింపు విందు. డ్వేన్ తన కట్టని బీరు గ్లాసు కింద పరుచుకుని ముప్ఫయ్యో పేజీ పైకి చదివాడు: "ఈ భుజం ఉక్కు. అక్టోబరుదాకా ఢోకా లేదు." తల ఊపాడు. "జూన్‌లో మూలపడింది. ఆ పిచర్ మీద నోర్బర్ట్‌గాడు తొమ్మిది డాలర్లు పోశాడు."

మార్లిస్ చేతిలోని చేప ముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది. సంచిలోంచి తన కట్ట తీసి ముప్ఫయ్యో పేజీ తిప్పింది. "ఈ భుజం జూన్ దాటదు. డాలరు కూడా దండగ." డ్వేన్ గ్లాసు కిందనుంచి అతని కట్ట లాక్కుని పక్కన పెట్టుకుంది. ఇరవయ్యో పేజీదాకా అక్షరం తేడా లేదు. ఆ తరవాత ఒక్క వాక్యం కలవలేదు.

నోర్బర్ట్ చేప ముళ్ళు ఏరుకుంటున్నాడు. ఆ చేపలో ముళ్ళు లేవు.

బయట కార్ల దగ్గర అతన్ని పట్టుకుంది.

"ఇంత తెలిసినవాడివి ఏడోవాడివి ఎలా అవుతావు?"

"తెలిసి ఏం లాభం మార్లిస్. ముప్ఫై తొమ్మిదేళ్ళవాడి పేరు పిలుస్తారు. గదిలో ఒక్కడూ నోరెత్తడు. ఆ నిశ్శబ్దంలో నేను కూర్చోలేను. డాలరు అంటాను. నేనన్నానని డ్వేన్ నన్ను ఏడిపించడానికి ధర పెంచుతాడు. నేను వదలను."

"మరి వాళ్ళందరికీ అబద్ధాలు రాస్తావా?"

"అబద్ధాలెందుకు రాస్తాను? వాళ్ళకి రాసినవి జరగాలని నేను కోరుకునేవి." టోపీ సర్దుకున్నాడు. "నీకు రాసినవి జరగబోయేవి."

మార్లిస్ తన కట్ట సంచిలో పెట్టుకుంది. తరవాత, "వచ్చే ఏడాది నాకూ అందరి నకలే పంపు" అంది. "వెర్న్ కుర్చీలో కూర్చున్నాక నా తప్పులు నేనే చేసుకుంటాను."

"పదో స్థానం వస్తే?"

"ఆ పై ఏడాది ఉందిగా. రెండుసార్లు వరసగా వస్తేనే కదా."

"అయితే టైపు పని తగ్గింది" అన్నాడు నోర్బర్ట్, కొంచెం దిగులుగా.

"తగ్గలేదు. పదీ విడివిడిగానే కొట్టు. చదివేది నేనున్నాను."

వెనకనుంచి డ్వేన్ వచ్చాడు. "ఏరా, నా పందెం డబ్బో?"

"వచ్చే ఏడాది కప్పు మనదే. గెలిచి అన్నీ ఒకేసారి చెల్లిస్తాను" అని నోర్బర్ట్ కారెక్కాడు.

పదమూడు సీజన్లు, సీజనుకి అయిదు డాలర్లు. అరవై అయిదు డాలర్లూ ఇంకా బాకీయే.