రాతి మీద పైడయ్య పేరు

పోలరాజు టాటానగర్ గోల్‌మురిలో ఒక మిల్లు ఫిట్టరు. 1982లో ఆ మిల్లువాళ్ళు ఇటలీ నుంచి కొత్త మెషీన్ తెప్పిస్తూ, పని నేర్చుకు రావడానికి ఒక మనిషిని ఆరు వారాలు అక్కడికి పంపాలనుకున్నారు. ఎవరో ఒక ఇంజనీరు వెళతాడనే అందరూ అనుకున్నారు. కానీ పెద్ద ఫోర్‌మన్ పోలరాజు పేరు రాశాడు. "బేరింగ్ మీద చెయ్యి పెట్టి దాని జబ్బేమిటో చెప్పేవాడు ఇక్కడ ఇతనొక్కడే" అన్నాడు.

ఆ చెయ్యి ఎక్కడిదో పోలరాజు ఎవరికీ చెప్పలేదు. అతని తండ్రి పైడయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, టాటానగర్‌లో రైలు దిగిన మర్నాటి నుంచే వీధులు తిరిగి సన్నికళ్ళకు కక్కు కొట్టేవాడు. నూరి నూరి నునుపెక్కిన రాతిని ఉలితో చుక్కచుక్కగా పొడిచి మళ్ళీ గరుకు చేయడమే ఆ పని. ఉలి ఎలా పట్టాలో, దెబ్బ ఎంత బరువుగా వేయాలో కొడుక్కీ నేర్పాడు. పోలరాజుకు మిల్లులో ఉద్యోగం వచ్చిన కొత్తలో, "అయ్యా, నువ్వింక బిష్టుపూర్ ఏపు ఎల్లకు. మా సార్ల ఇళ్ళన్నీ ఆడే" అన్నాడు. పైడయ్య "సరేలేరా" అని సంచీ తెచ్చి మంచం కింద పెట్టేశాడు. ఆ తర్వాత తండ్రీ కొడుకుల మధ్య పని మాట రాలేదు. మీ నాన్నగారేం చేసేవారని ఎవరైనా అడిగితే పోలరాజు వ్యవసాయం అనేవాడు.

ఇటలీలో అతనికి పని నేర్పిన మెకానిక్కు పేరు ఆంజెలో. ఇద్దరికీ వచ్చింది ఫ్యాక్టరీ ఇంగ్లీషే అయినా మాటలకు లోటుండేది కాదు. నాలుగో ఆదివారం ఆంజెలో అతన్ని తన ఊరికి తీసుకెళ్ళాడు. రైలు ఒక లోయ వెంబడి రెండు గంటలు పోయింది. పైన మంచు కొండలు, కింద ఏరు, మధ్యలో రాతి పలకలు కప్పిన ముప్పై నలభై ఇళ్ళు. ఆంజెలో తల్లి మొక్కజొన్న పిండితో సంకటి వండి పెట్టింది. పోలరాజు రెండోసారి వడ్డించుకునేసరికి ఆవిడ ముఖం వెలిగిపోయింది.

భోజనాలయ్యాక ఆంజెలో అతన్ని ఊరి పైనున్న బండల దగ్గరికి నడిపించాడు. బడిపంతులుగా చేసి రిటైరైన ఒక ముసలాయన వచ్చినవాళ్ళందరికీ వాటిని చూపిస్తుంటాడు. ఏనాడో మంచుగడ్డలు రాసుకుపోయి నునుపు చేసిన బండలవి. వాటి నిండా బొమ్మలు. జింకలు, బల్లేలు పట్టిన మనుషులు, ఇళ్ళు. ఒకచోట జత ఎద్దులు, నాగలి, వెనక మేడి పట్టుకున్న రైతు.

"ఇవి గీసినవి కావు, కొట్టినవి. రెండున్నర వేల ఏళ్ళయింది. చెబితే చాలామంది నమ్మరు" అన్నాడు పంతులు. ఆయన మాటల్ని ఆంజెలో ఇంగ్లీషులో చెబుతున్నాడు.

పోలరాజు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పంతులును అడిగి, ఒక్క వేలితో జింక బొమ్మను మెల్లగా తడిమాడు. చుక్క పక్కన చుక్క. అది కక్కే.

"ఇనుప ఉలి కాదు. రాతితోనే కొట్టారు" అన్నాడు. "ఈ జింకను ఇద్దరు కొట్టారు. వీపు కొట్టినవాడు పని తెలిసినవాడు. కాళ్ళు కొట్టినవాడు కొత్తవాడు. చూడండి, దెబ్బలు గీత దాటి పడ్డాయి."

ఆంజెలో ఆ మాటల్ని తమ భాషలో చెప్పాడు. పంతులు కళ్ళద్దాలు సవరించుకుని వంగి, చాలాసేపు చూశాడు. "నలభై ఏళ్ళుగా చూపిస్తున్నాను. నాకు జింకే కనబడింది, చేతులు కనబడలేదు. మీకెలా తెలిసింది?"

పోలరాజు నోటి దాకా వచ్చిన మాట వేరు. మెషీన్ల పనిలో ఉన్నాను గనక తెలిసిందని అనబోయాడు. అనలేకపోయాడు.

"మా నాన్నది ఇదే పని. వీధి వీధీ తిరిగి రాళ్ళకు కక్కు కొట్టేవాడు. నాకూ నేర్పాడు."

పంతులు అతని కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "అయితే మీరు వీళ్ళ మనుషులు" అన్నాడు బండ వైపు చూపించి.

సాయంత్రం అతని పని చూడ్డానికి ఆంజెలో ఇంటి ముందు ఊరంతా చేరింది. కూలిన గోడలోంచి ఒక పలక తెచ్చారు, ఉలీ సుత్తీ ఇచ్చారు. పోలరాజు కోటు విప్పి నేల మీద కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఉలి పట్టని చెయ్యి పది దెబ్బల్లో దారిలో పడింది. గంటన్నరలో జత ఎద్దులు, నాగలి, మేడి పట్టిన మనిషి తేలారు. పేరు కూడా చెక్కమన్నాడు పంతులు. పోలరాజు తెలుగులో ఒక పేరు చెక్కాడు.

"మీ పేరేనా?" అన్నాడు ఆంజెలో.

"కాదు. మా నాన్నది. పైడయ్య."

ఆ పలకను బడి గోడలో పెడతామన్నారు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే అతని భార్య తవిటమ్మ ముక్కున వేలేసుకుంది. పైడయ్య మాత్రం, "అదేటి రాయి? మెత్తందా?" అని అడిగాడు.

"మెత్తందే అయ్యా. ఉలి తిన్నగా దిగింది."

కొత్త మెషీన్ బిగించిన రోజున మిల్లులో చిన్న సభ పెట్టారు. ఇటలీలో ఏం చూశావని పెద్ద ఫోర్‌మన్ అడిగాడు. పోలరాజు మెషీన్ సంగతులన్నీ చెప్పి, చివర్లో బండల కథ చెప్పాడు. "మేరే బాప్ సిల్ కూట్‌తే థే. హాథ్ ఉన్హీ కా దియా హువా హై" అన్నాడు, తల ఎత్తుకునే. మా నాన్న సన్నికళ్ళకు కక్కు కొట్టేవాడు, ఈ చెయ్యి ఆయనిచ్చిందే అని. ముందు వరసలో ఉన్న పెద్ద ఫోర్‌మన్ లేచి చప్పట్లు కొట్టాడు.

రెండు నెలలకు ఆంజెలో దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. బడి గోడలో పలక, దాని పక్కన పంతులు. చదువు రాని పైడయ్యకు తన పేరు ఎక్కడుందో పోలరాజు వేలు పెట్టి చూపించాడు. ముసలాయన ఫొటోను గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఈ ఎడం ఎద్దు కొమ్ము కాడ దెబ్బ జారింది కాదేటి?"

"జారింది" అన్నాడు పోలరాజు నవ్వి. "ఉలి వంకర."

"ఉలి కాదు, నువ్వు తొందరపడ్డావు. మిగతాది బాగుంది. బాగా కొట్టావురా."

తవిటమ్మ టీ తెచ్చేసరికి తండ్రీ కొడుకులు గుమ్మంలో ఒకే మెట్టు మీద కూర్చుని, ఏ రాయికి ఏ ఉలి పనికొస్తుందో వాదించుకుంటున్నారు.