చేతులు ఆగిన కథ

“కత చెప్పేదానికి నోరు చాలదా? ఇన్ని కాగితాలు తగలెయ్యాల్నా?” అంది మా అవ్వ.

“నోటి కతలకు పోటీ పెట్టలేదవ్వా. రాసి పంపితేనే తీసుకుంటారు” అంది పక్కింటి అక్క.

“పంపినవన్నీ చుట్టపుచూపుకు పోయినట్టు పోయి తిరిగొస్తుండాయి గదే!”

“ఈసారి రాదు.”

“ఆ మాట మీ నాయనకు చెప్పుకో, పో.”

నా చిన్నప్పుడు, బోగోలుకు అవతల సముద్రపొడ్డున ఉండే మా పల్లెలో, ఒక మధ్యాహ్నం మా ఇంటి పంచలో జరిగిన పోట్లాట ఇది. అక్క ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఎవరో తెచ్చిన వారపత్రికలో కొత్త రచయితలకు కథల పోటీ అని చూసి, పనీపాటా అయ్యాక కూర్చుని రాసింది. మరునాడు పొద్దున తపాలా సంచిలో పడకపోతే గడువు దాటిపోతుంది. ఇది కూడా తిరిగొస్తే ఇంట్లో ఇక కలం కనపడకూడదని వాళ్ల నాయన తేల్చి చెప్పేశాడు. అందుకే పంపేముందు నలుగురికీ వినిపిద్దామని మా పంచకు వచ్చింది.

అప్పుడు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని ఎండురొయ్యల తలలూ తోకలూ గిల్లుతున్నారు. ఆ పనిలో చేతులు వాటంతటవే ఆడతాయి. కబుర్లు చెప్పుకున్నా, తగువులాడుకున్నా ఆగవు. మా అవ్వ అది చూపించి పందెం వేసింది. “వీళ్ల చేతులు ఆగేట్టు చదువు. ఆగితే పంపుకో. ఆగలేదా, పొయ్యి రాజేసుకునేదానికి పనికొస్తాయి.”

అక్క పైట సర్దుకుని మొదలుపెట్టింది. వేటకు వెళ్లి తిరిగిరాని మనిషి, అతని కోసం ఎదురుచూసే భార్య, అదీ కథ. మొదటి పేజీ అంతా సూర్యుడు ఉదయించాడు. రెండో పేజీలో సముద్రం ఘోషించింది. ఆ భార్య కళ్లను తామరలతో పోల్చడం ఇంకా పూర్తి కాకముందే ఒకామె పక్కామెను సున్నం అడిగింది. ఇంకొకామె, “ఏం మే, ఆ మొగుడింకా తెప్ప ఎక్కలేదా?” అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే గిల్లుతున్నారు. అక్క చివరిదాకా చదవకుండానే కాగితాలు మడిచేసింది.

మా అవ్వ తల ఎత్తకుండానే అందుకుంది.

“మా పుట్టింటికాడ ఒకామె ఉండేది. మొగుడు వేటకు పోయినాడు. గాలి లేచింది. అందరి తెప్పలూ వచ్చినాయి, ఆయప్పది రాలా. ఆ పొద్దు ఆమె ఇద్దరికీ బియ్యం కొలిచి వండింది. ఆయప్ప కూడు చట్టిలో పెట్టి నీళ్లు పోసింది. తెల్లారి ఆ చద్ది తనే తినింది. మళ్లా ఇద్దరికీ కొలిచింది. రోజూ ఇంతే. ఆమె ముందర ఎవురూ ఏడవలేదు. బొట్టు తీయమనేదానికి వాళ్లత్తకు గూడా నోరు రాలేదు. వానలు పట్టినాక ఒక పొద్దు, చేటలో బియ్యం పోసుకొని, కాసేపు చూసి, సగం తీసి మళ్లా కుండలో పోసింది. పక్కింటామె అది చూసింది. అంతే. ఊరు ఊరంతా వచ్చి ఆ వాకిట్లో కూలబడి ఏడ్చినాం.”

పంచలో ఒక్కరి వేళ్లూ కదలడం లేదు. కథ సగంలో ఉండగానే ఒక కాకి రొయ్యలు పోసిన చాప అంచున వాలి ఒకదాన్ని ఎత్తుకుపోయింది, వెనకే ఇంకొకటి వచ్చింది. కాకులను తోలడానికి కర్ర పట్టుకుని కాపలా ఉన్న నేను కదల్లేకపోయాను. అవ్వ ఆ కాకిని చూసింది. చూడటం నేను చూశాను. రాలిన తోకలను సైతం కోళ్లకని ఏరి దాచే మనిషి, కళ్లెదుట సొత్తు పోతున్నా కథ తెంచలేదు. కథ అంటే పిల్లల్ని నిద్రపుచ్చేదని అనుకునేదాన్ని. అంత బలం దానికి ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

“ఆ తర్వాత ఆమె ఏమయింది అవ్వా?” అని అక్క మెల్లగా అడిగింది.

“అడిగినావు చూడు, ఆడనే నిలిపెయ్యాల” అని అవ్వ లేచి, కర్ర లాక్కుని ముందు కాకుల మీదికీ, తర్వాత నా మీదికీ వచ్చింది.

ఇప్పుడు నా మనవరాలు పోటీలకు కథలు రాసి నాకు చదివి వినిపిస్తుంది. నేను చదివింది మూడో తరగతే. మంచి చెడ్డలు చెప్పే పాండిత్యం నాకు లేదు. కూర తరుగుతున్న నా చేతులు ఆగాయా లేదా అన్నదే చూసుకుంటాను. చాలాసార్లు ఆగవు. ఆగలేదనే చెబుతాను. మెచ్చుకోలు ఊరికే పారబోసే వస్తువు కాదు. “సూర్యుణ్ణి తీసెయ్యి, ఆ ఇంట్లో బియ్యం ఎక్కడున్నాయో వెతుకు” అంటాను. అలుగుతుంది, మళ్లీ రాస్తుంది.

అవ్వ ఆ కథ చెప్పిన మరునాడు పొద్దున అక్క, రాత్రంతా రాసి ఉబ్బిన కళ్లతో వచ్చింది. చేతిలో ఈసారి కాగితాలు కొన్నే ఉన్నాయి.

“నా కతే రాసేసినావా?” అంది అవ్వ, ఇంట్లో సొమ్ము పోయినట్టు.

“లేదవ్వా. అది నీది. నేను మా నాయన సంగతి, కలం వద్దన్న సంగతే రాసుకున్నా.”

అవ్వ ఆ కాగితాల వంక చూసింది. “ఆయన చదివితే?”

“చదవనీ.”

తపాలా అతను వచ్చాడు. అక్క కవరు అతని చేతికిచ్చింది. అతను దాన్ని సంచిలో వేసుకుని కాలవ దాటే పడవ ఎక్కాడు. అక్క వాళ్ల నాయన తమ వాకిట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటూ, పడవ అవతలి ఒడ్డు చేరేదాకా చూస్తూ నిలబడ్డాడు.