పసుపు అంటిన ర్యామ్

మొన్న మా ఇంటి కంప్యూటరు మరీ నత్తనడక నడుస్తుంటే, ర్యామ్ పెంచితే సరిపోతుందని బాగుచేసే ఆయన ఇంటికే వచ్చాడు. డబ్బా విప్పి, పాత ర్యామ్ పట్టీని బయటికి లాగి, దాని అంచున వరసగా ఉండే బంగారు రంగు పళ్లను బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్దుతుంటే, నేను అక్కడ నిలబడలేక టీ పెట్టిస్తానని వంటింట్లోకి వెళ్లిపోయాను. అలాంటి రబ్బరు ముక్కనే నేను ఒకప్పుడు దొంగలా వాడానని ఆయనకేం తెలుసు?

అప్పట్లో మా చిన్నాయనకు బీదరులో చిన్న ప్రెస్సు ఉండేది. పెండ్లిపత్రికలు కన్నడంలో కొన్ని, సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే మనవాళ్లకు తెలుగులో కొన్ని అచ్చయ్యేవి. సీసపు అక్షరాలు పేర్చే పని పక్క ఊరు చిమ్కోడ్ నుంచి రోజూ వచ్చే ఒక పెద్దాయనది. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను ఆయనను మామా అనేవాణ్ణి. తిరగేసి ఉన్న అచ్చక్షరాలను ఆయన మనం పేపరు చదివినంత సుళువుగా చదివేవాడు. చిన్నాయన కంప్యూటరు కొని, హైదరాబాదులో మూడు నెలలు నేర్చుకొచ్చిన నన్ను దాని ముందు కూర్చోబెట్టినప్పుడు, సీసానికి రోజులు దగ్గరపడ్డాయని అందరికంటే ముందు అర్థమైంది ఆయనకే. అందుకే పొద్దున్నే ఒక గంట ముందొచ్చి, కొడుకు వయసున్న నా పక్కన స్టూలు వేసుకుని, ఒక్కో మీటా వెతుక్కుంటూ నేర్చుకునేవాడు. అది వస్తే ప్రెస్సులో ఉంటాడు, రాకపోతే ఇంటికి పోతాడు. ఆ వయసులో ఇంకోచోట ఎవరు పెట్టుకుంటారు?

ఆ రోజుల కంప్యూటరు సంగతి మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పత్రికమీద వినాయకుడి బొమ్మ పెట్టగానే ర్యామ్ చాలక బిగుసుకుపోయేది. దసరా ముందు చిన్నాయన హైదరాబాదు పోయి ఇంకో నాలుగు ఎంబీల ర్యామ్ తెచ్చాడు, బస్సులో దారంతా చొక్కా జేబుమీంచి చెయ్యి తీయలేదట. ఆయుధపూజనాడు అచ్చువేసే ట్రెడిల్‌కూ, కటింగ్ మిషన్‌కూ, సీసం పెట్టెలకూ బొట్లు పెట్టాక, కొత్త సామానుకు బొట్టు లేకపోతే ఎట్లా అని ఆ పట్టీకి తడి పసుపు పెట్టింది నేనే. పళ్లకు తడి తగలకూడదని చదువుకొచ్చినవాణ్ణి, ఆ హడావుడిలో చూసుకోలేదు. పైగా గొప్పకు పోయి, నువ్వే పెట్టు మామా అని పట్టీ ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని, నేను చూపించినచోట బిగించాడు.

కరెంటు వేయగానే తెర వెలగలేదు, మిషన్ కీచుమని అరవసాగింది.

"నిన్నెవరు ముట్టమన్నరు దీన్ని? సీసం పట్టే చెయ్యి సీసం కాడ్నే ఉండాలె!" అన్నాడు చిన్నాయన, పూజకొచ్చిన చుట్టాలందరి ముందు. పసుపు నాదని, బిగించమన్నదీ నేనేనని చెప్పడానికి నోరు తెరవాలి. తెరవలేదు. పని పోతుందన్న భయం కూడా కాదు, అంతమందిలో నా హైదరాబాదు చదువు పలచనవుతుందని, అంతే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మర్నాడు ఎవరూ రాకముందే పట్టీ లాగి చూస్తే పళ్లమీద పసుపు ఎండి ఉంది. రబ్బరుతో రుద్ది పెట్టగానే మిషన్ లేచింది. మామ పాడుచేసింది మావాడు బాగుచేశాడని చిన్నాయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, నేను ఆ మెచ్చుకోలు కూడా నోరుమూసుకుని తీసుకున్నాను. మామ మళ్లీ కంప్యూటరు దగ్గరికి రాలేదు. నేను పిలిచాను, నిజమే, కాని తప్పు ఆయనది కాదని మాత్రం చెప్పలేదు. ఏడాది తిరక్కుండా సీసం తూకానికి పోయింది, ఆయన ఇంటికి పోయాడు.

చాన్నాళ్లకు బీదరు జిల్లాలోనే ఉన్న మన్నాఏఖేళ్ళి ఊరి బజారులో, ఉల్లిగడ్డల దుకాణం ముందు గోనెసంచులు కుడుతూ కనిపించాడు. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆ మిషన్ మంచిగ నడుస్తాందా బిడ్డా? నా చెయ్యి తగిలి ఖరాబైందని ఇంకా మనసుల ఉన్నది."

నడుస్తాంది మామా అన్నాను. బస్సు వస్తే ఎక్కేశాను.

ఇప్పుడు ర్యామ్ తెచ్చేవాళ్లు దాన్ని కళ్లకద్దుకోరు, ఒంటిచేత్తో టక్కున నొక్కేస్తారు, పనిచేయకపోతే ఇంకోటి తెస్తారు, అందుకు ఎవరూ ఎవరినీ తిట్టరు. పసుపు పెట్టింది నేనేనని ఇన్నేళ్లకు మీకు చెప్పుకోగలిగాను. ఆ మాట వినవలసిన మనిషి మాత్రం, తన చెయ్యే మంచిది కాదనుకుంటూనే కన్నుమూశాడు.